తోలు మీద గాటు

ముకుందదాసు గారిని ప్రశ్న అడగాలంటే శిష్యులు కాస్త జంకేవారు. ఆయన కోపిష్ఠి కాదు. ఆయన గొంతు పెంచగా విన్నవాళ్ళెవరూ లేరు. ప్రశ్న అడిగినవాళ్ళ చేతికి ఏదో ఒక పని వచ్చి పడేది, అదీ వాళ్ళ భయం. కోపం అణుచుకోవడం ఎలాగని అడిగిన కోర్టు గుమస్తాకి చిక్కుపడిన నులక ఉండ ఇచ్చి విప్పమన్నారు. ధ్యానంలో మనసు నిలవడం లేదన్న పంతులమ్మ చేత ఒక మధ్యాహ్నమంతా ఆవాల్లో ఇసుక ఏరించారు. పని పూర్తయ్యాక ఒక్కోసారి ఒక మాట చెప్పేవారు. ఒక్కోసారి అదీ ఉండేది కాదు. అందుకే ఆయన భార్య అచ్చియ్యమ్మగారు వచ్చినవాళ్ళను గుమ్మంలోనే హెచ్చరించేవారు. "అడిగితే అడిగేరు గానీ బాబూ, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోదామని మాత్రం అనుకోకండి."

ఆయన పెద్ద చదువులు చదివినవారు కాదు. జనపనార మిల్లులో చాలాకాలం పనిచేసి, మధ్యలోనే మానుకుని, నాగావళి ఒడ్డున ఊరికి కాస్త ఎడంగా ఉన్న తన పెంకుటింట్లో ఉండిపోయారు. సాయంత్రాలు వసారాలో పదిమందీ చేరేవారు. కాసేపు భజన, కాసేపు మాటలు. దాన్ని ఆశ్రమం అనడం వచ్చేవాళ్ళ అలవాటే తప్ప, అక్కడ బోర్డూ లేదు, హుండీ లేదు. అలా వచ్చేవాళ్ళలో భానోజీ ఒకడు. ఆర్టీసీ బస్సులో కండక్టరు. మనిషి సన్నమే గానీ గొంతు పెద్దది. బస్టాండులో నిలబడి "పాలకొండ, పాలకొండ" అని కేకేస్తే రోడ్డవతల టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు వదిలేసి పరుగెత్తుకొచ్చేవారు. అంత గొంతున్నవాడు భజనలో మాత్రం నోరు విప్పేవాడు కాదు. వెనక వరసలో కూర్చుని చప్పట్లు చరిచేవాడు. ఎవరైనా పాడమంటే గొంతు బాగాలేదనేవాడు.

ఒకనాడు భజన అయి అందరూ లేచి వెళ్ళాక, భానోజీ మాత్రం స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయాడు. ముకుందదాసు గారు తాళాలు మూటగట్టి గూట్లో పెడుతున్నారు.

"గురువుగారూ, ఒక మాటని మనసులోంచి తీసెయ్యడం ఎలాగండీ?"

"ఎవరి మాట?"

"పేరెందుకు లెండి. ఒకాయన నలుగురిలో ఒక మాటన్నాడు. అని ఇరవై ఏళ్ళు దాటిపోయింది. ఆ తర్వాత నాకు పెళ్ళయింది, ఉద్యోగం వచ్చింది, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. అన్నీ వచ్చాయి గానీ ఆ మాట పోలేదు. దాన్ని పూర్తిగా తుడిచేసే ఉపాయం ఏదైనా ఉంటే చెప్పండి."

భానోజీ గురువుగారికి చెప్పని సంగతి ఇది. వయసులో ఉన్నప్పుడు అతను పద్యనాటకాల్లో రాజు వేషం కట్టేవాడు. ఆ నాటక సమాజంలో రాణి వేషం వైకుంఠరావు మేష్టారిది. మేష్టారు మగవాడే అయినా, రంగు వేసుకుని జడ వేసుకుని తెర వెనకనుంచి నడిచొస్తే, ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ళు కూడా తమకు తెలియకుండానే పైట సర్దుకునేవారు. పని దగ్గర మహా కట్టుదిట్టం. గడ్డం మీద ఒక్క వెంట్రుక మొన వేలికి తగిలినా రంగు వేసుకునేవారు కాదు. ఒక ఊరి తీర్థంలో, జాతరకి నేల ఈనినట్టు వచ్చిన జనం ముందు, భానోజీ పద్యం మధ్యలో ఒక చరణం మరచిపోయాడు. హార్మోనియం ఒకసారి అందించింది, మళ్ళీ అందించింది. అతను అందుకోలేకపోయాడు. మేష్టారు రాణి గొంతు వదిలేసి తన సొంత గొంతుతో, "ఈ గొంతు సంతలో వంకాయలమ్ముకోడానికి పనికొస్తుంది. దింపండి వీణ్ణి" అన్నారు. జనం విరగబడి నవ్వారు. భానోజీ కిరీటం తీసి బల్ల మీద పెట్టి, రంగు ముఖంతోనే ఇంటికి నడిచి వెళ్ళిపోయాడు. మళ్ళీ పద్యం ఎత్తలేదు. తర్వాత కండక్టరు ఉద్యోగం వచ్చింది. బస్టాండులో ఊళ్ళ పేర్లు కేకేసిన ప్రతిసారీ ఆ సంత మాట చెవిలో మోగేది.

ముకుందదాసు గారు ప్రశ్న విని లోపలికి వెళ్ళి, గోనె గుడ్డలో చుట్టిన పొడుగాటి వస్తువొకటి తెచ్చి అతని ఒళ్ళో పెట్టారు. భానోజీ విప్పి చూశాడు. ముందు ఏదో ఎండిన చేప అనుకున్నాడు. తర్వాత దాని కొసన ఉన్న ఇత్తడి కొక్కెం చూసి గుర్తుపట్టాడు. గడ్డం గీసే పాతకాలపు కత్తికి పదును సరిచేసుకునే తోలు పట్టా అది. నాటకాల రోజుల్లో వేషధారులందరి దగ్గరా ఇలాంటివే ఉండేవి. కొక్కెం కిటికీ చువ్వకు తగిలించి, పట్టా బిగువుగా లాగి పట్టుకుని, దానిమీద కత్తిని అటూ ఇటూ దువ్వేవారు. కానీ ఇది పట్టాలాగా లేదు. నల్లగా జిడ్డు పట్టి, చెక్కలా బిగుసుకుపోయి, పడగెత్తినట్టు ఒక పక్కకి వంకర తిరిగిపోయింది. ఎన్నేళ్ళు ఏ అటక మీద పడి ఉందో. మధ్యలో ఏటవాలుగా ఒక గాటు. కత్తి తిప్పేటప్పుడు ఎవరి చెయ్యో తప్పి లోతుగా దిగిపోయింది.

"దీన్ని మళ్ళీ పనిలోకి తీసుకురా" అన్నారు ముకుందదాసు గారు.

"ఎవరిదండీ?"

"పనైపోయాక చెబుతాను."

వంటింటి గుమ్మంలోంచి అచ్చియ్యమ్మగారు తొంగిచూసి, "చెప్పేనా బాబూ!" అన్నారు.

భానోజీకి మొదట కాస్త చిన్నతనంగానే అనిపించింది. గుండెలో ఉన్నది విప్పి చెబితే ఎండిన తోలు ముక్క చేతికిచ్చారు. అయినా మర్నాడు డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వచ్చాడు. పని తొందరగా తెమిల్చి జవాబు అందుకుందామని అతని ఆలోచన. ఎండిపోయిన తోలుకి నూనె కావాలి, అందులో తెలుసుకోవాల్సింది ఏముంది? ఆముదం తెచ్చి ఒక మూల ఒంపాడు. చుక్క చుక్కలాగే నిలబడింది, తామరాకు మీద నీటిలాగ. వేలితో రుద్దితే జారిందే గానీ ఇంకలేదు. భానోజీ పట్టాని కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఎన్నో ఏళ్ళ జిడ్డూ దుమ్మూ కలిసి పైన పొరలా పేరుకున్నాయి. లోపలి తోలు దాహంతో ఎండిపోతున్నా, పైనున్న పాత జిడ్డు కొత్త నూనెని లోపలికి పోనివ్వడం లేదు. 'ఓహో, ఇదా సంగతి' అనుకున్నాడు. ఆ క్షణం నుంచి అతనికి జవాబు మీద తొందర కాస్త తగ్గి, తోలు మీద ఆసక్తి పుట్టింది.

సబ్బు నురగ చేసి, గుడ్డ తడిపి గట్టిగా పిండి, తోలు నానకుండా పైపైనే తుడిచాడు. గుడ్డ నల్లబడింది. ఉతికి మళ్ళీ తుడిచాడు. చాలాసేపటికి నలుపు కింద నుంచి కొత్త చింతపండు రంగు బయటపడింది. ఆ రంగు చూడగానే అతనికి ముచ్చటేసింది. కొసన, కొక్కెం దగ్గర, తోలులోకి ఒత్తిన ముద్ర ఒకటి కనబడింది. పరుగెడుతున్న గుర్రం, దాని కింద ఏవో పరాయి అక్షరాలు. ఏ దేశంలో చేశారో, ఏ ఓడలో వచ్చిందో, ఏ సంతలో ఎవరు కొన్నారో. భానోజీ ఆ గుర్రం మీద బొటనవేలు పెట్టి తడుముతూ కూర్చున్నాడు. అచ్చియ్యమ్మగారు టీ తెచ్చి, "గుర్రం దౌడు తీసిందా బాబూ?" అని నవ్వారు.

తడి ఆరడానికి ఎండలో పెట్టి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి పట్టా ఎండలో లేదు, వసారా నీడలో పీట మీద పడుకోబెట్టి ఉంది. ఎండ తగిలినంత మేర ఇంకా వంకర తిరిగింది. ముకుందదాసు గారు అటు చూడనైనా చూడలేదు. భానోజీ సిగ్గుపడి, ఆ తర్వాత ఎప్పుడూ నీడనే ఆరబెట్టాడు. నూనె కూడా ఒంపడం మానేసి, అరచేతిలో ఒక్క చుక్క వేసుకుని, రెండు చేతులూ వేడెక్కేదాకా రాపాడించి, ఆ వేడి అరచేత్తో పట్టాని ఆ కొస నుంచి ఈ కొసకి నిమిరేవాడు. నూనె ఎక్కువైతే తోలు మెత్తబడి సాగిపోతుందని, కత్తి దానికి అతుక్కుంటుందని ఒక మూలన చేసి చూసి తెలుసుకున్నాడు. ఖాళీ సోడా సీసా దాని మీద దొర్లించి వంకర తీశాడు. ఒక రోజు చేసింది మర్నాటికి సగం వెనక్కి పోయేది. మళ్ళీ చేసేవాడు. ఇంటి దగ్గర భార్య, "బస్సు దిగి ఎక్కడికి పోతన్నారు రోజూ?" అని అడిగితే, "తోలు దువ్వడానికి" అన్నాడు. ఆవిడ అతని ముఖం వంక వింతగా చూసింది. చాలాకాలం తర్వాత అతను ఏదో పని గురించి ఉత్సాహంగా మాట్లాడుతున్నాడు.

ఇక గాటు మిగిలింది. భానోజీ గరుకు కాగితం తెచ్చుకుని కూర్చున్నాడు. గాటు ఉన్న చోటే రుద్దితే అక్కడ గుంట పడుతుంది కాబట్టి పట్టా అంతటినీ సమంగా అరగదియ్యాలని లెక్క వేసుకున్నాడు. రుద్దడం మొదలుపెట్టాడు. ఎర్రటి పొడి ఒళ్ళంతా రాలుతోంది. గాటు కొంచెం పల్చబడినట్టే ఉంది, కానీ పోలేదు. ఇంకా రుద్దాడు. ముకుందదాసు గారు పెరట్లోంచి వస్తూ పక్కన నిలబడ్డారు.

"ఎందాకా?" అని అడిగారు.

"గాటు పోయేదాకా గురువుగారూ. అసలు అదే కదండీ దీని జబ్బు."

ఆయన వంగి పట్టా అంచుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మందం చూశారు. వదిలేసి లోపలికి వెళ్ళిపోయారు. భానోజీ కూడా అలాగే పట్టుకుని చూశాడు. గాటు ఎంత లోతుందో తోలు ఇంచుమించు అంతే మందం ఉంది. గాటు పూర్తిగా పోవాలంటే పట్టా పోవాలి. అతను గరుకు కాగితం కింద పెట్టేశాడు. ఆ సాయంత్రం భజనలో చప్పట్లు కూడా సరిగ్గా చరచలేకపోయాడు.

మర్నాడు తన పాత పెట్టె అడుగున పడి ఉన్న కత్తిని తీసి తెచ్చాడు. నాటకాల నాటిది. పట్టాని స్తంభానికి కొట్టిన మేకుకి తగిలించి, లాగి పట్టుకుని, కత్తిని మెల్లగా దువ్వాడు. సుయ్‌మంటూ పోతున్న కత్తి గాటు దగ్గరకు రాగానే టిక్కుమంది. వెనక్కి లాగాడు, మళ్ళీ టిక్కుమంది. పదును అక్కడే దెబ్బతింటోంది. సమస్య గాటులోనే ఉందని తెలుసు, కానీ ఆ టిక్కు చప్పుడు అతన్ని ఆలోచనలో పడేసింది. గాటు అంటే పల్లం. కత్తి అంచు సన్నని పల్లంలోకి దిగనే దిగదు, దాని మీదుగా దాటిపోవాలి. మరి దేనికి తగులుతోంది? కత్తి పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని, చూపుడువేలి కొసతో గాటుని తడిమాడు. అప్పుడు తెలిసింది. గాటు పల్లమే, కానీ దాని ఒక అంచు పైకి లేచి ఉంది. తెగినప్పుడు లేచి, ఎండి, ఆ లేచినది లేచినట్టే రాయిలా బిగుసుకుపోయింది. గరుకు కాగితానికి చుట్టూ ఉన్న మెత్తటి తోలే అరిగింది గానీ అది అరగలేదు. కంటికి కనబడనంత చిన్నది. కత్తి తగులుతున్నది తెగిన చోట కాదు, తెగినప్పుడు పైకి లేచిన ఆ అంచుకి.

భానోజీకి నవ్వొచ్చింది. నిన్న తోలంతా అరగదీస్తూ కూర్చున్నాడు. అచ్చియ్యమ్మగారిని అడిగి కాళ్ళు రుద్దుకునే గరుకు రాయి తెచ్చుకుని, దాని కొసతో ఆ అంచు ఒక్కటే, ఊపిరి బిగబట్టి, కొంచెం కొంచెంగా అణచడం మొదలుపెట్టాడు. రుద్దడం, వేలితో చూడడం. ఒక చుక్క నూనె రాసి నొక్కడం, మళ్ళీ చూడడం. పొద్దు వాలేసరికి కత్తి పెట్టి దువ్వాడు. సుయ్‌మంటూ ఆ కొస నుంచి ఈ కొస దాకా ఏకధారగా పోయింది. నమ్మలేక మళ్ళీ దువ్వాడు. ఎక్కడా టిక్కు లేదు. అద్దం తెప్పించుకుని ఆ కత్తితోనే వసారాలో కూర్చుని గడ్డం గీసుకున్నాడు. చేతికి పాత వాటం ఇంకా పోలేదు. చెంప నిమురుకుంటూ గురువుగారి దగ్గరకు వెళ్ళాడు.

"గాటు అలాగే ఉంది గురువుగారూ. చూస్తే కనబడుతుంది. కానీ కత్తికి తెలియడం లేదు."

ముకుందదాసు గారు పట్టాని చేతిలోకి తీసుకుని, వెలుతురుకి ఎత్తి చూసి, తిరిగి ఇచ్చేశారు. "బాగుంది. రేపు దాని మనిషికి ఇచ్చేసొద్దాం." అన్నారు.

మర్నాడు భానోజీకి సెలవు. ఇద్దరూ వంతెన దాటి ఊళ్ళోకి నడిచారు. పాత సినిమా హాలు వెనక సందులో ఒక మేడ ఇంటి ముందు ముకుందదాసు గారు చెప్పులు విడిచారు. నడివయసు ఆవిడ తలుపు తీసి, "రండి గురువుగారూ, పొద్దున్నుంచీ మామయ్య మీ కోసమే చూస్తున్నారు" అంది. లోపలి గోడ మీద పెద్ద ఫొటో. రాణి వేషం. ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి జడ మీద. భానోజీ కాళ్ళు గడప దగ్గరే ఆగిపోయాయి. వైకుంఠరావు మేష్టారు ఈ ఊళ్ళో మేనకోడలి దగ్గర ఉంటున్నారని అతను ఎప్పుడో విన్నాడు. ఆ సందు మొహమే చూడకుండా ఇన్నేళ్ళు తప్పించుకు తిరిగాడు.

"గురువుగారూ, నేను బయటే ఉంటాను" అన్నాడు. అంత పెద్ద గొంతూ నూతిలోంచి వచ్చినట్టుంది.

ముకుందదాసు గారు వెనక్కి తిరిగి, "పట్టా నీ చేతిలో ఉందయ్యా" అన్నారు.

మేష్టారు కిటికీ పక్కన మడత కుర్చీలో ఉన్నారు. భానోజీ మొదట గుర్తుపట్టలేదు. ముఖం నిండా తెల్లటి గడ్డం, మెడ దాకా పాకి, చిక్కులు పడి ఉంది. మేనకోడలు తగ్గు గొంతుతో చెప్పింది. చేతులు వణకడం మొదలయ్యాక కత్తి పట్టలేకపోయారట. మంగలాయన్ని పిలిపిస్తే, ఆయన బ్లేడు మార్చే కొత్త కత్తి తీశాడని వెనక్కి పంపేశారట. నా కత్తి, నా పట్టా ఉంటేనే, లేకపోతే వద్దన్నారట. గదిలో అద్దం తీయించేశారు. ఎవరైనా చూడ్డానికొస్తే నిద్ర నటిస్తారు. కళాకారులంతా కలిసి సన్మానం చేస్తామంటే, ఈ ముఖంతో నేను జనంలోకి రాను అని పంపేశారు. చివరికి ముకుందదాసు గారు వచ్చినప్పుడు ఆయన చేతికి ఆ పట్టా ఇచ్చి, ఇది బతుకుతుందేమో చూడమన్నారు.

భానోజీ పట్టా అందించాడు. మేష్టారు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. అరచేత్తో ఆ కొస నుంచి ఈ కొస దాకా నిమిరారు. ఆయన కళ్ళలోకి ఎక్కడినుంచో వెలుగొచ్చింది. కొక్కెం కిటికీ చువ్వకి తగిలించి, సొరుగులోంచి తన కత్తి తీసి దువ్వబోయారు. చెయ్యి వణికింది. కత్తి కింద పెట్టేశారు. "నీకు కత్తి పట్టడం వచ్చా నాయనా?" అని అడిగారు. భానోజీ గురువుగారి వైపు చూశాడు. ఆయన గోడ పక్కన బల్ల మీద కూర్చుని వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నవారిలా ఒళ్ళోకి చూసుకుంటున్నారు. "వచ్చండీ" అన్నాడు భానోజీ.

వేడినీళ్ళూ సబ్బూ వచ్చాయి. భానోజీ కత్తెరతో గడ్డం దగ్గరగా కత్తిరించి, నురగ పట్టించి, మేష్టారి కత్తిని పట్టా మీద దువ్వుకుని మొదలుపెట్టాడు. చెంపలు అయ్యాయి. మేష్టారు కళ్ళు మూసుకుని తల వెనక్కి వాల్చారు. భానోజీ గడ్డం కిందికి, మెడ దగ్గరికి వచ్చాడు. చర్మం వదులుగా ఉంది. ఎడమచేత్తో సాగదీసి పట్టుకుని కత్తి ఆనించాడు. వేలి కింద నాడి కొట్టుకోవడం తెలుస్తోంది.

"నీ పేరేంటి నాయనా?" అన్నారు మేష్టారు కళ్ళు తెరవకుండానే.

"భానోజీ."

"మా సమాజంలో ఒక భానోజీ ఉండేవాడు. రాజు వేషం కట్టేవాడు. ఏం గొంతయ్యా వాడిది! తారస్థాయిలో ఎత్తితే తెర గుడ్డ ఊగేది. ఉన్నట్టుండి మానేశాడు. ఎందుకు మానేశాడో ఇప్పటికీ నాకు తెలీదు."

కత్తి ఆగిపోయింది. భానోజీ ఇరవై ఏళ్ళు మోసిన మాటని, అన్నవాడు ఒక్కరోజు కూడా మొయ్యలేదు. ఎప్పుడో దారిలో పారేసి, ఎక్కడ పారేశాడో కూడా మరచిపోయాడు. కోపం వచ్చింది. దాని వెనకే, ఈ మనిషి తన గొంతుని ఇన్నేళ్ళు గుర్తుపెట్టుకున్నాడన్న సంగతి వచ్చి నిలబడింది. రెండింటిలో ఏది ముందు వినాలో అతనికి తెలియలేదు.

"ఆ భానోజీని నేనే మేష్టారూ. మీరే కదా దింపేశారు."

"నేనా?" మేష్టారు ఉలిక్కిపడి తల ఎత్తబోయారు.

"కదలకండి మేష్టారూ. కత్తి ఉంది."

ఆయన కదలకుండా ఉండిపోయారు. భానోజీ ఒకసారి ఊపిరి తీసుకున్నాడు. చర్మం మళ్ళీ సాగదీసి పట్టుకున్నాడు. కత్తి మెల్లగా గొంతు మీదుగా కిందికి నడిచింది, నురగని వెంటపెట్టుకుని. రెండో పక్క కూడా అయ్యింది. ఎక్కడా నెత్తుటి చుక్క కనబడలేదు. వేడినీళ్ళ గుడ్డతో ముఖం తుడిచాక మేష్టారు అడిగారు. "ఏమన్నాను?"

భానోజీ ఆ మాట చెప్పాడు. ఇన్నేళ్ళలో దాన్ని పైకి అనడం అదే మొదలు. పైకి అంటే అది ఎంత చిన్న మాటో అతనికి అప్పుడే తెలిసింది.

మేష్టారు కిటికీ వైపు తిరిగారు. "అనే ఉంటాను. నాకు గుర్తు లేదు. రంగు వేసుకుంటే నాకు ఎదుట మనిషి కనబడేవాడు కాదు, నాటకమే కనబడేది" అన్నారు. మళ్ళీ భానోజీ వైపు తిరిగి, "ఏ పద్యం?" అన్నారు.

చెప్పాడు. మేష్టారు ముఖం కొంచెం పక్కకి తిప్పి, మెడ నిలబెట్టి, ఆ పద్యానికి ముందు రాణి రాజుతో అనే మాటని, రాణి గొంతుతోనే అన్నారు. గొంతు పగిలిపోయి ఉంది. అయినా అది రాణి గొంతే. ఆ మాట విన్నాక రాజు ఊరుకోడానికి వీల్లేదు. భానోజీకి తాను ఎప్పుడు లేచి నిలబడ్డాడో తెలియదు. చేతిలో తడి గుడ్డతోనే పద్యం ఎత్తాడు. గొంతు తుప్పుపట్టి ఉంది, శ్రుతి ఎక్కడో ఉంది. అప్పట్లో మరచిపోయిన చరణం దగ్గరకి వచ్చేసరికి మళ్ళీ తడబడ్డాడు. పెదాలు ఆడాయి, మాట రాలేదు. మేష్టారు అందించబోయి, అందించకుండా ఆగారు. భానోజీ ఒక గుక్క ఊపిరి పీల్చి ఆ చోటు దాటాడు. పద్యం చివరిదాకా పాడి, రాగం లాగి వదిలాడు. వీధిలో పోతున్నవాళ్ళు ఆగి కిటికీ వైపు చూశారు.

మేష్టారు తన చెంపని అరచేతి వెనకభాగంతో తడుముకుంటూ, "అమ్మాయ్, అద్దం పట్రా" అన్నారు.

తిరుగుదారిలో వంతెన మధ్యకి వచ్చాక భానోజీ ఉండబట్టలేకపోయాడు.

"నన్ను క్షమించు అని కూడా ఆయన అనలేదు గురువుగారూ. ఆ మాట పోయిందేమోనని ఇప్పుడే లోపల వెతికి చూసుకున్నాను. పోలేదు, ఉంది. మరి ఇంత తేలిగ్గా ఎందుకుందో నాకు తెలియడం లేదు. మీరు నా ప్రశ్నకి జవాబు చెప్పనే లేదు."

ముకుందదాసు గారు వంతెన గోడ మీద చెయ్యి వేసి ఆగారు. కింద ఏరు సన్నగా పారుతోంది.

"ఆయన మెడ మీద నీ చేతిలో కత్తి ఒకచోట ఆగింది. నా ఊపిరీ ఆగింది. తర్వాత కత్తి నడిచింది" అన్నారు ఆయన. "ఎలా నడిచింది భానోజీ? నాకూ తెలుసుకోవాలని ఉంది."